రాజుల రాకపోకలు, రెండు దేశాల చెలిమి

(సంఘ వార్షిక సభలో ఒక ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. కార్యదర్శిగారు మాత్రం "మాస్టర్ సాబ్, తెలుగులోనే మాట్లాడండి, సంచికలో అచ్చు వేయాలి" అన్నారు. మంచిదే. ఇప్పుడు మన ఇళ్ళల్లో తాతగారి చేతిలో ఉర్దూ పత్రిక, మనుమడి చేతిలో తెలుగు పత్రిక. ఇద్దరూ ఒకే వార్త చదివి రెండు రకాలుగా వాదించుకుంటారు. ఆ వాదన కూడా ఒక శోభే. కాబట్టి తెలుగులోనే చెబుతాం. మధ్యలో ఉర్దూ, అరబ్బీ మాటలు దొర్లితే అలవాటనుకోండి.

ఈ రోజు మాకిచ్చిన విషయం దేశాల మధ్య స్నేహం. ఇది చాలా పెద్ద మాట. ఉపన్యాసాలలో తరచుగా వినిపించేదే, విన్నవారికి గుర్తుండేది తక్కువ. అందుచేత మేము ఒక్క ఉదాహరణ తీసుకుంటున్నాం. సౌదీ అరేబియా రాజు మన దేశానికి వచ్చిన సందర్భాలు. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు ఆ దేశపు రాజు సింహాసనం మీద ఉండగా మన గడ్డ మీద కాలు పెట్టింది రెండే రెండుసార్లు. మొదటిది 1955లో, రెండవది 2006లో. మధ్యలో యాభై ఏళ్ళు. మన జిల్లా నుంచి ఎందరో బతుకుదెరువుకు ఆ దేశం వెళ్ళారు. మన ఇళ్ళల్లో ఆ దేశం పేరు వినపడని రోజు ఉండదు. అయినా ఈ రెండు రాకల కథ మనలో చాలామందికి తెలియదు.

ముందుగా పాత సంగతి. ఇవాళ సౌదీ అంటే పెట్రోలు గుర్తుకొస్తుంది. ఆ రాజ్యం ఏర్పడింది 1932లో, అక్కడ నూనె దొరికింది 1938లో. అంతవరకు ఆ రాజ్యానికి పెద్ద ఆదాయం ఏమిటనుకుంటున్నారు? హాజీలు! మన హిందూస్థానం నుంచి, జావా నుంచి, ఈజిప్టు నుంచి ఓడలెక్కి వెళ్ళే యాత్రికులు చెల్లించే రుసుములూ, వాళ్ళు అక్కడ పెట్టే ఖర్చులూ. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చి 1930 తరువాత హాజీల సంఖ్య పడిపోతే రాజుగారి ఖజానా ఎండిపోయింది. 1933లో ఒక అమెరికా కంపెనీకి నూనె వెతుక్కునే హక్కు ఇవ్వడానికి ఆ ఇబ్బంది కూడా ఒక కారణం. మన తాతముత్తాతలు పైసా పైసా కూడబెట్టి చేసిన హజ్ వల్ల అక్కడి పొయ్యి వెలిగిందంటే అతిశయోక్తి కాదు. ఇచ్చిపుచ్చుకోవడం పాతదే అని గుర్తు చేయడానికి ఈ మాట చెప్పాం. ఎప్పుడూ వాళ్ళే ఇచ్చేవాళ్ళూ, మనమే చేయి చాచేవాళ్ళమూ అనే భావన మనసులో ఉంటే తీసెయ్యండి.

మన దక్కనుకు దానితో మరొక బంధం ఉంది. నిజాం కాలంలో మక్కాలో కట్టించిన రుబాత్‌లు, అంటే యాత్రికులకు ఉచిత వసతి గృహాలు. పాత హైదరాబాదు సంస్థానంలోని జిల్లాల హాజీలకు, అంటే తెలంగాణ వారికీ, అటు మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల వారికీ, అందులో ఉండే అవకాశం వచ్చింది. సంస్థానం పోయి ఎన్నో ఏళ్ళయింది, రాష్ట్రాల సరిహద్దులు మారాయి, మక్కాలో మాత్రం పాత హైదరాబాదు పటం అలాగే మిగిలింది! మా బళ్ళో చరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతి చెబితే పిల్లలు నవ్వుతారు.

ఇక 1955. అబ్దుల్ అజీజ్ రాజు 1953 నవంబరులో కాలం చేశాక కుమారుడు సఊద్ గద్దెనెక్కారు. అప్పటి ప్రపంచం రెండు శిబిరాలు. అమెరికా ఒక వైపు, రష్యా ఒక వైపు. 1955లోనే బాగ్దాదు ఒడంబడిక పుట్టింది. ఇరాక్, టర్కీ, ఆ తరువాత బ్రిటన్, పాకిస్తాన్, ఇరాన్ అందులో చేరాయి. ఇరాక్‌ను అప్పుడు ఏలుతున్న హాషిమీ వంశానికీ సఊద్ వంశానికీ పాత వైరం. కనుక సౌదీకి ఆ ఒడంబడిక రుచించలేదు. మన పండిట్ నెహ్రూ గారికీ రుచించలేదు, ఆయన కారణాలు వేరు. పొరుగింట్లోకి యుద్ధ కూటమిని తీసుకొస్తున్నారని ఆయన బాధ. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాల మహాసభ జరిగింది. ఇరు దేశాలవారూ అక్కడ కూర్చున్నారు. ఆ వాతావరణంలో సఊద్ రాజు మన దేశానికి విచ్చేశారు. 1955 నవంబరు చివర నుంచి డిసెంబరు వరకు, ఏకంగా పదిహేడు రోజులు! ఈ రోజుల్లో దేశాధినేతలు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతున్నారు. ఒక రాజు పదిహేడు రోజులు అతిథిగా ఉండడమంటే మన పెళ్ళిళ్ళలో మేనమామ దిగినట్టే. కాశీ పట్టణం కూడా చూసి వెళ్ళారు.

ఆ యాత్ర ముగించుకొని వెళ్ళబోయే ముందు రాజుగారు ఒక ప్రకటన చేశారు. భారతదేశపు ముస్లింల భవితవ్యం భద్రమైన చేతుల్లో ఉందని, ప్రపంచంలోని ముస్లిం సోదరులకు ఈ మాట సంతృప్తితో చెబుతున్నామని దాని సారాంశం. దేశ విభజన జరిగి అప్పటికి ఎనిమిదేళ్ళు. గాయాలు పచ్చిగా ఉన్నాయి. పాకిస్తాన్ వారు మన గురించి ప్రపంచానికి ఒక కథ చెబుతున్నారు. అలాంటి సమయంలో మక్కా మదీనాల మీద అధికారమున్న రాజు స్వయంగా వచ్చి, చూసి, ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఢిల్లీ ప్రభుత్వానికి గొప్ప ఊరట. మన పెద్దలు చాలామంది ఆ ప్రకటనను కత్తిరించి దాచుకున్నారని మా నాన్నగారు చెప్పేవారు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పుకోనివ్వండి. పెద్దలు కోప్పడవద్దు. ఆ మాట మంచి మాటే, స్నేహితుడు అన్న మాట. కాని మన భద్రతకు సాక్షి సంతకం వేరే దేశపు రాజుది ఎందుకుండాలి? మన భవితవ్యం 1950 జనవరి 26 నుంచి అమలైన రాజ్యాంగంలో ఉంది. మనం పన్ను కట్టే పంచాయతీలో ఉంది, ఓటు వేసే పెట్టెలో ఉంది. రాజు మెచ్చుకున్నా అది మనదే, మెచ్చుకోకపోయినా మనదే. అతిథి వచ్చి 'మీ ఇల్లు బాగుందండీ' అంటే సంతోషించి షర్బత్ ఇస్తాం. ఇంటి పట్టా మాత్రం ఆయన మాట మీద ఆధారపడదు కదా! పిల్లలకు ఈ సంగతి మేము క్లాసులో చెబుతాం. ఇక్కడ కూడా చెబుతున్నాం.

మరుసటి ఏడాది, 1956 సెప్టెంబరులో, నెహ్రూ గారు బదులు మర్యాదగా సౌదీ వెళ్ళారు. అక్కడ ఒక తమాషా జరిగింది. ఆయనకు స్వాగతం పలికిన జనం 'మర్హబా రసూలస్సలాం' అని నినదించారు. మర్హబా అంటే స్వాగతం. సలాం అంటే శాంతి. రసూల్ అంటే పంపబడినవాడు, కబురు తెచ్చేవాడు. మొత్తం మీద 'శాంతిదూతకు స్వాగతం' అని అర్థం. కాని మన ఉర్దూలో రసూల్ అనగానే అందరికీ ఒక్కరే గుర్తుకొస్తారు. దాంతో కరాచీ పత్రిక 'డాన్' మండిపడింది. ముస్లిమేతరుడైన నాయకుణ్ణి రసూల్ అంటారా అని. అరబ్బీ తెలిసినవారికి ఇందులో పేచీ లేదు. రసూలుల్లాహ్ అంటే వేరు, ఉత్త రసూల్ అంటే వేరు. అరబ్బు దేశాలలో ఆ మాటకు వ్యవహారంలో దూత అనే అర్థం ఉంది. ఒక భాషలో పుట్టిన మాట మరొక భాషలోకి వచ్చి చాలా ఏళ్ళు కాపురముంటే దాని స్వభావం మారిపోతుంది. తెలుగులో మాత్రం లేదా? ఉర్దూలో తమాషా అంటే చూడదగిన దృశ్యం, ఆట. తెలుగులో వింత, వినోదం. కోపంతో 'ఏంటీ తమాషాలా?' అంటే మరొకటి. భాషలు నేర్చుకోని చోట తగవులు వస్తాయని మా ఉద్యోగ ధర్మంగా చెప్పుకుంటున్నాం.

ఆ కాలపు మరొక ముచ్చట, హజ్ నోట్లు. 1959లో మన రిజర్వు బ్యాంకు హాజీల కోసం ప్రత్యేకంగా పది రూపాయల, వంద రూపాయల నోట్లు వేసింది. మామూలు నోట్ల కంటే వేరుగా కనబడాలని రంగు మార్చి, నంబరుకు ముందు ప్రత్యేక అక్షరాలు వేశారు. హాజీ వాటిని తీసుకెళ్ళి అక్కడ రియాళ్ళు చేసుకునేవాడు. ఇప్పుడవి నాణేలూ నోట్లూ సేకరించేవాళ్ళ దగ్గర చాలా ఖరీదు పలుకుతాయట. ఎవరి ఇంట్లోనైనా పాత సందూకులో ఉంటే పిల్లల ఆటలకు ఇవ్వకండి.

ఇంత చక్కగా మొదలైన చెలిమి తరువాత చల్లబడింది. సోదరులారా, స్నేహమనేది ఒకసారి నాటితే దానంతటదే పెరిగే వేపచెట్టు కాదు. అరవైలలో మనకు ఈజిప్టు నాసర్ గారితో దగ్గరితనం, సౌదీకి నాసర్‌తో వైరం. ఆపైన పాకిస్తాన్ సౌదీకి దగ్గరైంది. 1969లో అఖ్సా మసీదుకు నిప్పు పెట్టిన తరువాత రబాత్ నగరంలో ముస్లిం దేశాల మహాసభ జరిగింది. మొదట మనల్ని పిలిచారు. మన దేశం ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారి నాయకత్వంలో ప్రతినిధి వర్గాన్ని పంపింది. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ భీష్మించుకు కూర్చోవడంతో మనవాళ్ళు బయటే ఉండిపోవలసి వచ్చింది. పిలిచి విస్తరి ముందు నుంచి లేపినట్టయింది. ఆ ఫక్రుద్దీన్ గారే 1974లో మన రాష్ట్రపతి అయ్యారు. 1982లో శ్రీమతి ఇందిరా గాంధీ సౌదీ వెళ్ళి వచ్చారు. ఆ తరువాత మళ్ళీ మన ప్రధాని అక్కడికి వెళ్ళడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆశ్చర్యం ఏమిటంటే, ప్రభుత్వాలు ఒకరి గడప ఒకరు అరుదుగా తొక్కిన ఆ కాలంలోనే మనుషుల రాకపోకలు వేలు దాటి లక్షలయ్యాయి. 1973 అరబ్బు యుద్ధం తరువాత పీపా సుమారు మూడు డాలర్లున్న నూనె ధర కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దాకా పోయింది. ఆ డబ్బుతో అక్కడ రోడ్లు, రేవులు, ఆసుపత్రులు, నగరాలు లేచాయి. కట్టడానికి చేతులు కావలసి వచ్చింది. కేరళ నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి, కరీంనగరం, నిజామాబాదు జిల్లాల నుంచి, అటు కడప నుంచి మనవాళ్ళు గల్ఫు దేశాలకు వెళ్ళారు. ముస్లింలే కాదు, అన్ని కులాలవారూ. రాజులు రాలేదు. మేస్త్రీ, డ్రైవరు, వంటవాడు, నర్సు, వీళ్ళే ఆ ముప్ఫై ఏళ్ళు రెండు దేశాల మధ్య రాయబారం నడిపారు. ఈనాడు సౌదీలో మన భారతీయులు పాతిక లక్షలకు పైగా ఉన్నారు.

అప్పుడు వచ్చారు అబ్దుల్లా రాజు. 2005 ఆగస్టులో గద్దెనెక్కి, 2006 జనవరిలో ఆసియా పర్యటనకు బయలుదేరి, మొదట చైనా, ఆ వెంటనే భారతదేశం. 2006 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి ఆయనే. మేము అప్పటికి ఇరవైల్లో ఉన్నాం. కొత్తగా ఉద్యోగంలో చేరాం. ఆ రోజు బళ్ళో జెండా ఎగురవేసి, మిఠాయి పంచి, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాం. పక్కన రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు, ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు. ఒక ముస్లిం రాష్ట్రపతి, ఒక సిక్కు ప్రధానమంత్రి, మధ్యలో అరబ్బు రాజు, ఎదురుగా మన సైన్యం కవాతు. ఇందాక పట్టా అన్నామే, దాని పండుగ రోజునే ఆ అతిథి వచ్చి కూర్చున్నారు. 1955లో రాజుగారు మన గురించి సాక్ష్యం చెప్పారు. 2006లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పనక్కరలేకపోయింది. మాకు రెండవదే ఎక్కువ గౌరవంగా తోచింది.

మరొక చిన్న మాట. సఊద్ గారిని పత్రికలు 'మహారాజు' అని సంబోధించాయి. 1986లో ఫహద్ రాజు ఆ పదవి పేరు మార్చి తనను 'ఖాదిముల్ హరమైన్', అంటే రెండు పుణ్యక్షేత్రాల సేవకుడు అని పిలవమన్నారు. అబ్దుల్లా గారు ఆ పేరుతోనే వచ్చారు. రాజు తనను సేవకుడు అనుకోవడం మంచిదే. ఆ సేవకుని ఇంట్లో సేవ చేసే మన డ్రైవరుకు నెలనెలా జీతం అందుతోందా అన్నది మన ప్రశ్న.

జనవరి 27న 'ఢిల్లీ ప్రకటన' మీద సంతకాలయ్యాయి. నూనె సరఫరా, ఉగ్రవాదం మీద పోరు, వ్యాపారం, పెట్టుబడులు. పెట్టుబడుల రక్షణకు ఒప్పందం, రెండు చోట్లా పన్ను పడకుండా ఒప్పందం, నేరాల నివారణకు ఒకటి, యువజనులూ క్రీడలకు ఒకటి. జామియా మిల్లియా ఇస్లామియా రాజుగారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి. కాని అక్కడ ఎండలో పనిచేస్తున్న మన మనుషుల జీతం గురించి, పాస్‌పోర్టు గురించి, సెలవు గురించి వేరే ఒప్పందం ఆ రోజు ఒక్కటీ లేదు. డబ్బు పెట్టేవాడి పెట్టుబడికి రక్షణ దొరికింది, చెమట పెట్టేవాడిది వాయిదా పడింది.

అయితే తలుపు తెరుచుకున్న మాట నిజం. 2010 ఫిబ్రవరి చివర మన్మోహన్ సింగ్ గారు రియాదు వెళ్ళారు. నేరస్తుల అప్పగింతకూ, శిక్ష పడిన ఖైదీలు తమ దేశపు జైలులో మిగతా శిక్ష అనుభవించడానికీ ఒప్పందాలు కుదిరాయి. అక్కడి జైల్లో మగ్గుతున్న కొడుకును చూడలేని తల్లికి ఈ రెండవ ఒప్పందం విలువ తెలుస్తుంది. 2014 జనవరిలో, చిట్టచివరకు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి మొదటిసారి ఒప్పందం కుదిరింది. పనిమనిషి, వంటవాడు, తోటమాలి, ఇంటి డ్రైవరు, వీళ్ళకు ప్రామాణిక ఒప్పంద పత్రం ఉండాలని. 1955 నుంచి లెక్కపెట్టండి. యాభై తొమ్మిదేళ్ళకు ఒక వంటవాడి పేరు కాగితం మీదికి వచ్చింది! 2019 ఫిబ్రవరిలో యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ వచ్చినప్పుడు 850 మంది భారతీయ ఖైదీల విడుదల ప్రకటించారు. ఆ ఏడాది మన హజ్ కోటా రెండు లక్షలకు పెరిగింది. కోవిడ్ తరువాత మళ్ళీ లక్షా డెబ్బై అయిదు వేలకు వచ్చింది, అది వేరే సంగతి. 2021 మార్చిలో సౌదీ వారు కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికీ, దేశం దాటి రావడానికీ కొన్ని షరతులతో వీలు కల్పించారు. అయితే ఆ సంస్కరణలో ఇంటి పనివాళ్ళను, ఇంటి డ్రైవర్లను కలపలేదు.

ఇంటి డ్రైవరు అంటున్నాం కదా, ఒక సంగతి చెప్పాలి. పేర్లు చెప్పం. మా బడిలో ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న రియాదు దగ్గర ఒక ఇంట్లో డ్రైవరు. రెండేళ్ళ కింద ఒక రాత్రి నిద్రలో గుండె ఆగిపోయింది. కబురు వచ్చిన మర్నాడు ఆ అమ్మాయి తల్లి కాగితాల సంచీ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "భాయీసాబ్, మీరు అరబ్బీ చదువుతారు కదా, ఇందులో ఏం రాశారో చెప్పండి" అంది. మాకు వచ్చింది బళ్ళో నేర్చుకున్న అరబ్బీ. అయినా ఒప్పంద పత్రంలో అంకెలు చదవడానికి పాండిత్యం అక్కరలేదు. నెలకు పదిహేను వందల రియాళ్ళని చెప్పి పంపిన ఏజెంటు మాట ఒకటి, పత్రంలో ఉన్న వెయ్యి ఒకటి. ఆ పత్రం మీద ఆయన సంతకం ఉంది, ఏమి రాసి ఉందో ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. మరణించేనాటికి ఏడు నెలల జీతం బాకీ.

శవం రావడానికి కాగితాలు ఎన్నని చెప్పాలి? అక్కడి ఆసుపత్రి పత్రం, పోలీసు పత్రం, కఫీల్ అనుమతి, ఇక్కడి నుంచి కుటుంబం అంగీకార పత్రం, రాయబార కార్యాలయపు ముద్ర. యాభై రెండు రోజులు. ఆ యాభై రెండు రోజులూ ఆ అమ్మాయి బడికి వచ్చింది. హాజరు పిలిస్తే పలికేది, అంతే. మన సంఘం నుంచి ముగ్గురు సభ్యులు వెంట తిరిగారు, వాళ్ళు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్తే లేచి వెళ్ళిపోతామని బెదిరించారు కనుక చెప్పడం లేదు. శవం వచ్చింది. జీతం బాకీలో కొంత వచ్చింది.

రాకుండా పోయింది ఒకటి ఉంది, అదే మమ్మల్ని ఇంకా బాధపెడుతున్నది. పదో తరగతి పూర్తి కానివాళ్ళు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వం వారి ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షల రూపాయలు. కట్టవలసింది కొన్ని వందల రూపాయలు మాత్రమే. గుండెపోటుకు ఆ పది లక్షలు వర్తించకపోవచ్చు, ఆ సంగతి వేరు. కాని ఈయనకు బీమా కాగితమే లేదు, అడగడానికి ఆస్కారమే లేదు. ఎందుకంటే లైసెన్సు లేని ఏజెంటు 'అవన్నీ ఆలస్యం, నేను దొడ్డిదారిన పంపుతా' అన్నాడు. ఆ దొడ్డిదారికి ఈయన దగ్గర లక్షన్నర వసూలు చేశాడు.

చూశారా, అక్కడ రాజు వచ్చి వెళ్ళాడు, ఇక్కడ ప్రధాని వెళ్ళి వచ్చారు, ఒప్పందాలు అయ్యాయి, బీమా పెట్టారు, రాయబార కార్యాలయాలలో 2009 నుంచి ఆపదలో ఉన్నవారికి సంక్షేమ నిధి ఉంది. ఇంత దూరం నడిచి వచ్చిన స్నేహం మన వాడలో ఏజెంటు దుకాణం దగ్గర ఆగిపోయింది. పై నుంచి వచ్చే నీళ్ళు కాలువ దాకా వచ్చాయి, పొలానికి మడవ తీయవలసినవాడు తీయలేదు. ఆ మడవ తీసే పని రాజులది కాదు, మనలాంటి సంఘాలది. పోయిన ఏడాది మనం పెట్టిన ఖర్చుల లెక్క కార్యదర్శిగారు ఇందాక చదివారు. ఖవ్వాలీకీ షామియానాకీ అయినంత కూడా ఈ పనికి కాలేదు. మేము ఖవ్వాలీకి విరోధులం కాము, రాత్రి ఉండి వింటాం కూడా. అయినా లెక్క లెక్కే.

కొందరు పెద్దలు అడుగుతారు, 'మాస్టర్ సాబ్, సౌదీ ముస్లిం దేశం, మనం ముస్లింలం, అక్కడ మనవాళ్ళకు కష్టమేమిటి' అని. సౌదీ సౌదీయే, భారత్ భారతే. అక్కడ మన డ్రైవరును చూసి వాళ్ళు 'హిందీ' అంటారు. హిందీ అంటే హిందూస్థానం వాడు అని. ముస్లిమైనా హిందువైనా వాళ్ళకు హిందీయే. జైల్లో పడితే వచ్చి పలకరించేది మన రాయబార కార్యాలయపు ఉద్యోగి, ఆయన పేరు ఏదైనా కావచ్చు. 2016లో పెద్ద కంపెనీలు మూతపడి వేలాదిమంది భారతీయులు జీతాలు లేక, తిండికి కటకటలాడుతూ శిబిరాలలో ఉండిపోయినప్పుడు మన కాన్సులేటూ, అక్కడి మన భారతీయులూ కలిసి అన్నం పంపారు. అన్నం పట్టుకున్న చేయి ఏ మతానిదో, తిన్న నోరు ఏ మతానిదో ఎవరూ అడగలేదు. ఆ కష్టం ఢిల్లీ నుంచి మంత్రి వెళ్ళి మాట్లాడేదాకా, సల్మాన్ రాజు ఆజ్ఞ ఇచ్చేదాకా వెళ్ళింది. రెండు ప్రభుత్వాల మధ్య మంచి మాట ఉండబట్టే ఆ తలుపు తట్టడానికి వీలైంది. అందుకే రాజుల రాకపోకలను మేము తక్కువ చేసి మాట్లాడడం లేదు. అంతగా మాట్లాడుకోని ఆ ఏళ్ళలో ఎందరు తట్టడానికి తలుపు లేక నలిగిపోయారో!

సమయం అయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. చివరగా ఒక మనవి. వచ్చే నెల నుంచి ప్రతి శుక్రవారం అస్ర్ నమాజు తరువాత మన సంఘం గదిలో ఒక బల్ల వేస్తున్నాం. మేమూ, మరొక ఇద్దరు ఉపాధ్యాయులూ కూర్చుంటాం. సౌదీ గాని, కువైట్ గాని, దుబాయి గాని, ఎక్కడికి వెళ్ళదలచినవాళ్ళయినా, ఏ మతంవాళ్ళయినా, సంతకం పెట్టకముందే ఒప్పంద పత్రం తీసుకురండి. అరబ్బీలో ఏముందో తెలుగులో చదివి చెబుతాం, ఏజెంటు లైసెన్సు నంబరు సరైనదో కాదో చూస్తాం. ఇప్పటికే వెళ్ళినవాళ్ళ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు, వీసా, ఇఖామా, బీమా కాగితం తీసుకురండి, పెద్ద పుస్తకంలో రాసిపెట్టుకుంటాం. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి, జిరాక్సు చాలు. చదువు రాదని మొహమాటపడి ఆగిపోవద్దు. చదివి చెప్పడానికే మేమున్నది. ఆ ఏడవ తరగతి అమ్మాయి తెలుగు దస్తూరీ బాగుంటుంది, పుస్తకంలో పేర్లు తనే రాస్తానంది.

ఖుదా హాఫిజ్.